ఈస్ట్రోజన్ తగ్గించే మాత్రతో అండం ఎలా పెరుగుతుంది?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లు దాటింది. మొదటినుంచీ నెలసరి 45 రోజులకోసారి, ఒక్కోసారి రెండు నెలలకి వస్తుంది. స్కాన్‌లో రెండు అండాశయాల్లోనూ నీటి బుడగలున్నాయని, ఇది పీసీఓఎస్ అని అన్నారు. రక్తపరీక్షలో ఎల్‌హెచ్ 11.8, ఎఫ్‌ఎస్‌హెచ్ 5.2, ఏఎంహెచ్ 9.4, ప్రొలాక్టిన్ 31 వచ్చాయి. థైరాయిడ్ బాగానే ఉంది. 21వ రోజు తీసిన ప్రొజెస్టెరాన్ 0.6 మాత్రమే ఉంది. 'హార్మోన్ల ఇంబ్యాలెన్స్' అన్నారు. పది రోజులు మాత్రలిస్తే నెలసరి వచ్చింది. ఇప్పుడు లెట్రోజోల్ రాశారు. అది రొమ్ము క్యాన్సర్ మందనీ, ఈస్ట్రోజన్‌ని తగ్గిస్తుందనీ చదివి భయపడి వేసుకోలేదు. అసలే హార్మోన్లు సరిగా లేవంటుంటే, ఉన్నదాన్ని ఇంకా తగ్గించడమేంటి? నాకు ఏ హార్మోను తక్కువైంది? దాన్నే నేరుగా మాత్రగా వేసుకుంటే సరిపోదా?

జవాబు: మీరు చదివింది నిజమేనమ్మా. లెట్రోజోల్ రొమ్ము క్యాన్సర్‌కి వాడే మందే, ఈస్ట్రోజన్ తయారీని అడ్డుకునేదే. అయినా మీ డాక్టరు గారు రాసింది సరైన మందే. పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) ఉండి, అండం విడుదల కాక గర్భం రానివాళ్లకి, వేరే లోపాలేవీ లేకపోతే మొదట వాడాల్సింది దీన్నేనని 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నదే మీ సందేహం. చాలా మంచి సందేహం. అది తీరకుండా మాత్ర మింగమంటే మనసొప్పదు కూడా.

ముందు మీ ప్రశ్ననే కాస్త మార్చుకుందాం. 'ఏ హార్మోను తక్కువైంది' అన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే అడుగుతారు. ఐరన్ తగ్గితే ఐరన్ మాత్ర, థైరాయిడ్ తగ్గితే థైరాయిడ్ మాత్ర వేసుకుంటాం కదా, ఇదీ అంతే అనుకుంటారు. అండాశయం దగ్గర ఆ లెక్క కుదరదు. ఇక్కడ హార్మోన్లంటే మెదడుకీ అండాశయానికీ మధ్య నడిచే కబుర్లు. అక్కణ్ణుంచి ఒక కబురు వస్తుంది, ఇక్కణ్ణుంచి జవాబు వెళ్తుంది, ఆ జవాబుని బట్టి తర్వాతి కబురు మారుతుంది. ఎంత పంపారన్నదొక్కటే కాదు, ఎప్పుడు పంపారు, ఎంత ఎడంతో పంపారు అన్నదాని మీద కూడా పని నడుస్తుంది.

మొదటి కబురు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నుంచి బయల్దేరుతుంది. దాని పేరు జీఎన్‌ఆర్‌హెచ్, పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దాన్ని తయారుచేసే నాడీకణాలు మెదడు మొత్తం మీద కొన్ని వేలే. అవి పుట్టేది మెదడులో కూడా కాదు, పిండం ముక్కు దగ్గర పుట్టి, వాసన నరాల వెంట పాకుకుంటూ మెదడులోకి చేరతాయి. ఆ దారి మధ్యలో ఆగిపోతే, ఆ బిడ్డకి వాసన తెలియకపోవడమే కాదు, యుక్తవయసు కూడా దానంతట అది రాదు. ఇది మొదటిసారి చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకిప్పటికీ తగ్గలేదు.

ఈ జీఎన్‌ఆర్‌హెచ్ ధారగా రాదు, విడతలు విడతలుగా వస్తుంది. నెలసరి మొదటి సగంలో గంటకో గంటన్నరకో ఒక విడత. అండం విడుదలయ్యాక మూడు నాలుగు గంటలకొకటి. వచ్చింది నిమిషాల్లో కరిగిపోతుంది. ఇలా ఆగి ఆగి రావడంలోనే అసలు విషయమంతా ఉందని తేల్చింది ఎర్న్‌స్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం. వాళ్లు కోతుల్లో ఈ కబురు పుట్టే చోటుని పనిచేయకుండా చేసి, జీఎన్‌ఆర్‌హెచ్‌ని బయటినుంచి ఎక్కించారు. గంటకోసారి ఆరు నిమిషాలు ఎక్కిస్తే మెదడు కిందే ఉండే పిట్యూటరీ గ్రంథి, అండాశయానికి కబురు మోసే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లని చక్కగా విడుదల చేసింది. అదే మందుని ఆపకుండా ఎక్కిస్తే ఆ రెండూ పడిపోయాయి. మళ్లీ గంటకోసారి పద్ధతికి మారిస్తే తిరిగి లేచాయి. 1978లో వచ్చింది ఆ పరిశోధన. ఎక్కువ ఇస్తే ఎక్కువ పని జరగాలి కదా అనిపిస్తుంది. కానీ కబురు ఎడతెరిపి లేకుండా వస్తూంటే పిట్యూటరీ కణాలు దాన్ని అందుకునే రిసెప్టర్లని లోపలికి లాగేసుకుంటాయి. ఆ తర్వాత ఎంత పంపినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వయసు రాకముందే పెద్దమనిషయ్యే సూచనలు కనబడే పిల్లలకి దాన్ని ఆపడానికి ఇచ్చే ఇంజెక్షన్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది.

విడతల వేగానికీ అర్థం ఉంది. వేగంగా వస్తే పిట్యూటరీ ఎల్‌హెచ్ వైపు మొగ్గుతుంది, నెమ్మదిగా వస్తే ఎఫ్‌ఎస్‌హెచ్ వైపు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మీ కథలోకి మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అండాశయం దగ్గరికి వద్దాం. ఆడబిడ్డ తల్లి కడుపులో అయిదో నెల్లో ఉండగా ఆ చిన్ని అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల అండకణాలుంటాయి. పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు మిగులుతాయి, పెద్దమనిషయ్యే నాటికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి 400 చిల్లర. ప్రతి అండమూ కణవిభజన మొదలుపెట్టి, సగంలో ఆపేసి, ఏళ్ల తరబడి అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది.

అండం ఒంటరిగా ఉండదు. దాని చుట్టూ కణాల గూడు ఉంటుంది, దాన్నే ఫాలికల్ అంటాం. కొంచెం పెరిగిన ఫాలికల్‌ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే రెండు వరసలు స్పష్టంగా కనబడతాయి. బయటి వరస థీకా కణాలు, రక్తనాళాలు వచ్చేది వీటి దగ్గరికే. లోపలి వరస గ్రాన్యులోసా కణాలు, ఇవి అండాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. థీకా కణాలు ఎల్‌హెచ్ మాట వింటాయి, విని ఆండ్రోజన్లు తయారుచేస్తాయి. వీటిని పురుష హార్మోన్లంటారు గానీ, ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజన్ తయారయ్యేది వీటిలోంచే. ఆ ఆండ్రోజన్లు లోపలి వరసలోకి దిగుతాయి. గ్రాన్యులోసా కణాలు ఎఫ్‌ఎస్‌హెచ్ మాట విని, అరొమటేజ్ అనే ఎంజైముతో వాటిని ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. అంటే ఈస్ట్రోజన్ పుట్టాలంటే రెండు రకాల కణాలు, రెండు హార్మోన్లు కలిసి పనిచేయాలి. మీకు రాసిన లెట్రోజోల్ ఆపేది సరిగ్గా ఆ అరొమటేజ్‌నే.

మామూలు నెలలో ఏం జరుగుతుందంటే, నెలసరి మొదట్లో ఎఫ్‌ఎస్‌హెచ్ కాస్త పెరుగుతుంది. సిద్ధంగా ఉన్న చిన్న ఫాలికల్స్ కొన్ని పెరగడం మొదలుపెడతాయి. పెరుగుతూ ఈస్ట్రోజన్‌ని, ఇన్హిబిన్ అనే ఇంకో హార్మోన్‌ని వదులుతాయి. అవి పైన మెదడుకీ పిట్యూటరీకీ చేరి 'ఇక్కడ పని మొదలైంది, ఇక చాలు' అంటాయి. పైనుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గిపోతుంది. తగ్గినదాంతో అన్నీ బతకలేవు. ఎఫ్‌ఎస్‌హెచ్‌ని అందుకునే రిసెప్టర్లు ఎక్కువున్న ఫాలికల్, దాదాపు 10 మిల్లీమీటర్లకు చేరినది, ఆ కొంచెంతోనే నెట్టుకొస్తుంది. పైగా అది లోపలి వరసలో కూడా ఎల్‌హెచ్ రిసెప్టర్లు మొలిపించుకుంటుంది. మిగతావి ఎండిపోతాయి. నెలకి సాధారణంగా ఒక్క అండమే విడుదలవడం వెనక ఉన్నది ఇదే, కావాల్సిన వేళకి ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గడం.

గెలిచిన ఫాలికల్ ఈస్ట్రోజన్ వదులుతూనే ఉంటుంది. అది మిల్లీలీటరుకి 200 పికోగ్రాములు దాటి, రెండు రోజులు అలాగే నిలబడితే, అప్పటిదాకా 'చాలు, చాలు' అన్న అదే ఈస్ట్రోజన్ 'ఇక కానివ్వు' అన్న కబురుగా మారిపోతుంది. పిట్యూటరీ దాచుకున్న ఎల్‌హెచ్‌నంతా ఒక్క ఊపున వదిలేస్తుంది. ఏళ్లుగా ఆగిపోయిన అండంలో కణవిభజన మళ్లీ కదులుతుంది. 36 గంటలు తిరిగేసరికి ఫాలికల్ గోడ ఒకచోట పలచబడి, తెరుచుకుని, అండం బయటికొస్తుంది. మిగిలిన గూడు పసుపు రంగుకి తిరిగి కార్పస్ లూటియమ్ అవుతుంది. అది ప్రొజెస్టెరాన్ వదిలి గర్భాశయపు లోపలి పొరని సిద్ధం చేస్తుంది, జీఎన్‌ఆర్‌హెచ్ విడతల వేగాన్ని తగ్గిస్తుంది. దాని ఆయుష్షు 12 నుంచి 14 రోజులు. గర్భం నిలిస్తే పిండం పంపే హెచ్‌సీజీ అనే హార్మోను దాన్ని బతికిస్తుంది, ఏడెనిమిది వారాల నుంచి ఆ పని మాయ తీసుకుంటుంది. నిలవకపోతే అది వాడిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, నెలసరి వస్తుంది.

ఇక మీ సంగతి. స్కాన్‌లో కనబడినవాటిని అందరూ నీటి బుడగలంటారు, వినగానే జబ్బు గడ్డలేమో అనిపిస్తుంది. అవి గడ్డలు కావు. 10 మిల్లీమీటర్లు చేరకముందే ఆగిపోయిన ఫాలికల్స్. ప్రతిదాన్లోనూ ఒక అండం ఉంది. వాటిని కరిగించాల్సిన పనీ లేదు, తీయించాల్సిన పనీ లేదు. అవి ఎక్కువున్నాయి కాబట్టే ఏఎంహెచ్ అనే హార్మోను 9.4 వచ్చింది, ఎందుకంటే దాన్ని వదిలేది చిన్న ఫాలికల్సే.

అవి ఎందుకు ఆగాయంటే ఒక్క కారణం చెప్పలేం. మీలాంటివాళ్లలో జీఎన్‌ఆర్‌హెచ్ విడతలు వేగంగా వస్తాయి, ఎల్‌హెచ్ ఎక్కువవుతుంది. దాంతో థీకా కణాలు ఆండ్రోజన్లు ఎక్కువ చేస్తాయి. చాలామందిలో ఇన్సులిన్ కూడా ఎక్కువుండి, అదీ థీకా కణాలకి వత్తాసు పలుకుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ ఏమో, ఒక ఫాలికల్‌ని 10 మిల్లీమీటర్లు దాటించేంత పెరగదు. చిన్న ఫాలికల్స్ అన్నీ కలిసి ఈస్ట్రోజన్‌ని తగ్గకుండా, పెరగకుండా ఒకే స్థాయిలో వదులుతూంటాయి కాబట్టి పైవాళ్లకి రోజూ 'చాలు' అనే వినబడుతూంటుంది. పైగా ఏఎంహెచ్ ఎక్కువైతే ఫాలికల్‌కి ఎఫ్‌ఎస్‌హెచ్ మాట సరిగా వినబడదు. అండం విడుదల కాదు, కాబట్టి ప్రొజెస్టెరాన్ రాదు. ప్రొజెస్టెరాన్ రాదు కాబట్టి విడతల వేగం తగ్గదు. చెట్టు ముందా విత్తు ముందా అంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా మళ్లీ అక్కడికే వస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో నూటికి సుమారు పదిమందికి ఇది ఉంటుంది. మీ వల్ల జరిగిన తప్పు కాదు ఇది. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందన్న మాట కూడా నిజం కాదు, సన్నగా ఉన్నవాళ్లలోనూ చూస్తాం.

కాబట్టి మీకు ఈస్ట్రోజన్ తక్కువ కాలేదు. మీరన్నట్టు దాన్ని నేరుగా మాత్రగా వేసుకుంటే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. పైవాళ్లకి ఇంకా గట్టిగా 'చాలు' అని వినబడుతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంకా తగ్గుతుంది, అండం అసలే పెరగదు. గర్భం రాకుండా వాడే మాత్రల్లో చాలావాటిలో ఉండే ఈస్ట్రోజన్ చేసేదీ ఈ పనే.

లెట్రోజోల్ దీన్ని తిరగేస్తుంది. అయిదు రోజులపాటు అరొమటేజ్‌ని ఆపుతుంది. ఈస్ట్రోజన్ పడిపోతుంది. ఇన్నాళ్లూ తెరిపి లేకుండా వినబడిన 'చాలు' ఒక్కసారిగా ఆగిపోయేసరికి, కింద ఏ ఫాలికలూ పెరగడం లేదనుకుని పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచుతుంది. అంతవరకు ఆగిపోయి ఉన్నవాటిలో ఒకటి దాన్ని అందుకుని కదులుతుంది. ఈలోగా మందు పని అయిపోతుంది. రెండు రోజులకి సగం, ఇంకో రెండు రోజులకి అందులో సగం చొప్పున ఒంట్లోంచి వెళ్లిపోతుంది. అరొమటేజ్ మళ్లీ పని మొదలుపెడుతుంది, పెరుగుతున్న ఫాలికల్ ఈస్ట్రోజన్ వదులుతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతుంది, వెనకబడినవి ఆగిపోతాయి. అంటే ఈ మందు మీ అండాన్ని పెంచదు. తప్పిపోయిన తాళాన్ని అందిస్తుంది, పాట మీ శరీరమే పాడుకుంటుంది.

మరి క్యాన్సర్‌కెలా అంటారా? అక్కడ దీన్ని ఎక్కువగా వాడేది వయసు మీరి నెలసరి పూర్తిగా ఆగిపోయిన ఆడవాళ్లకి. రోజుకొకటి, ఏళ్ల తరబడి. వాళ్ల అండాశయాల్లో జవాబిచ్చే ఫాలికల్స్ ఉండవు. పైన ఎఫ్‌ఎస్‌హెచ్ ఎంత పెరిగినా కింద వినేవాళ్లు లేరు, కాబట్టి తగ్గిన ఈస్ట్రోజన్ తగ్గినట్టే ఉంటుంది. మీ అండాశయాల్లో వినేవి బోలెడన్ని ఉన్నాయి. మందు ఒకటే, అవతల వినేవాళ్లు వేరు.

ఇది ఊహ మాత్రమే కాదు. పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం 2014లో వచ్చింది. సగం మందికి లెట్రోజోల్, సగం మందికి పాత మందు క్లోమిఫీన్, అయిదు నెలసరుల వరకు ఇచ్చారు. బిడ్డ చేతికొచ్చినవాళ్లు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫీన్‌తో 19.1 శాతం. ఆ అంకెలో ఇంకో నిజమూ ఉంది, దాచను. అయిదు నెలసరులు వాడినా చాలామందికి బిడ్డ కలగలేదు. ఒకటి రెండు నెలలకే 'నాకు పనిచేయలేదు' అని కుంగిపోవద్దు. మోతాదు పెంచే వీలుంది, ఆ తర్వాత వేరే దారులూ ఉన్నాయి.

పది రోజుల మాత్రల తర్వాత వచ్చింది నిజానికి నెలసరి కాదు. ఆ మాత్రలు ప్రొజెస్టెరాన్ లాంటివి. ఆపగానే లోపలి పొర రాలింది, అంతే. అండం విడుదలైందని దానర్థం కాదు. కానీ రాలడానికి పొర ఉందంటే, దాన్ని పెంచిన ఈస్ట్రోజన్ ఒంట్లో ఉందన్నమాట. మీ మొదటి ప్రశ్నకి మీ శరీరమే ఇచ్చిన జవాబు అది. ఆ మాత్రలు వృథా అని కూడా అనుకోకండి. ప్రొజెస్టెరాన్ లేకుండా ఈస్ట్రోజన్ ఒక్కటే నెలల తరబడి పనిచేస్తే ఆ పొర మందమై, ఏళ్లు గడిస్తే క్యాన్సర్‌కి కూడా దారితీయొచ్చు. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే తప్పకుండా చూపించుకోండి.

ప్రొలాక్టిన్ 31 అంటే కొంచెమే ఎక్కువ. సూది భయం, నిద్రలేమి, వ్యాయామం, వాంతులకి వాడే కొన్ని మాత్రలు, మానసిక సమస్యలకి వాడే కొన్ని మందులు దాన్ని పెంచుతాయి. ఉదయం నిదానంగా కూర్చుని, ఇంకోసారి ఇస్తే చాలు. రొమ్ముల్లోంచి పాలు కారినా, తలనొప్పితో పాటు చూపు మసకబారినా ఆగకుండా వెళ్లండి. వెంట్రుకలు కొద్ది నెలల్లోనే ఒక్కసారిగా పెరిగి గొంతు మారినా అంతే, అది పీసీఓఎస్ పద్ధతి కాదు.

మాత్ర మొదలుపెట్టే ముందు గర్భ పరీక్ష చేసుకోండి, నెలసరి లాంటిది వచ్చినా సరే. మీ ఆయన వీర్య పరీక్ష అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే ఇప్పుడే చేయించండి. ఆడవాళ్లకి నెలల తరబడి మందులు వాడాక, ఆఖర్న ఆ పరీక్ష చేయించి సమస్య అక్కడుందని తెలుసుకున్న జంటల్ని చూసి నాకు చాలా బాధేస్తుంది. గ్లూకోజ్ తాగి చేసే షుగర్ పరీక్ష కూడా అడగండి, పైన చెప్పిన ఇన్సులిన్ కారణంగా. రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందే మొదలుపెట్టాలి.

చివరగా ఆ 0.6. ప్రొజెస్టెరాన్ 21వ రోజు తీయాలన్న నియమం 28 రోజులకి నెలసరి వచ్చేవాళ్లది. వాళ్లకి 14వ రోజుకి అటూ ఇటూగా అండం విడుదలవుతుంది, వారం తర్వాత ప్రొజెస్టెరాన్ బాగా పెరిగి ఉంటుంది. మీకు 45 రోజులకి వచ్చే నెలలో అండం విడుదలైతే అది 31వ రోజు దగ్గర. 21వ రోజుకి ఫాలికల్ ఇంకా పెరుగుతూనే ఉంటుంది, 0.6 కాక ఏం వస్తుంది? ఆ నెలకి పరీక్ష 38వ రోజు దగ్గర తీయాలి. 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. మీకు అండం విడుదల కావడం లేదన్న అంచనా సరైనదే అయ్యుండొచ్చు, కానీ ఈ అంకె దానికి సాక్ష్యం కాదు. లెట్రోజోల్ మొదలుపెట్టాక, నెలసరి 10వ రోజు నుంచి స్కాన్‌లో ఫాలికల్‌ని చూస్తారు, అప్పుడు లెక్క సులువవుతుంది.

రిపోర్టు మీద పేరు, వయసు, నమూనా తీసిన గంట అన్నీ ఉంటాయి గానీ అది నెలసరి ఎన్నో రోజో ఉండదు. నేనైతే ప్రతి కాగితం పైన మూలకి పెన్నుతో ఆ రోజు సంఖ్య వేసుకుంటాను. మీరూ ఫైలు తీసి, మీకు గుర్తున్నంతవరకు ఒక్కోదాని మీద రాసి, దాంతోనే వెళ్లండి. మీ ఎల్‌హెచ్ 11.8 ఎన్నో రోజుదో నాకు రాయలేదు కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పలేను. రెండో రోజో మూడో రోజో తీసినదైతే ఒక అర్థం, నెల మధ్యలో తీసినదైతే ఇంకో అర్థం. మాత్ర ఏ రోజు మొదలుపెట్టాలో, ఏ రోజు స్కాన్‌కి రావాలో కూడా ఆ ఫైలు మీదే రాయించుకుని రండి.